ఐడెం దొర జ్ఞానబిడ్డలు

రాంగోపాల్‌పేట్ మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగితే, స్టీలు సామాన్ల దుకాణాల మధ్య ఇరుక్కుని ఒక పాత గేటు కనిపిస్తుంది. దాని మీద ఇనుప అక్షరాలతో ‘వ్యాకులమాత విచారణ’ అని ఉంటుంది. కొత్తవాళ్లు అది చదివి ఇదేదో పోలీసు కేసు వ్యవహారం అనుకుని పక్కనుంచి వెళ్లిపోతారు. పద్మారావు నగర్‌లో ప్రెస్సు నడిపే సత్యదేవ్ అయితే, మొదటిసారి ఆహ్వానపత్రాలు అచ్చుకిచ్చినప్పుడు “విచారణ ఎవరి మీద సార్?” అని అడిగేశాడు. కథోలికుల మాటలో విచారణ అంటే ఒక గుడి, దాని కిందికొచ్చే ఇళ్లు, వాటి బాగోగులు చూసే ఒక ఫాదరు. అంతకు మించి ఏమీ లేదు. కానీ నూటయాభయ్యో ఏడు వచ్చిందని పెద్దలంతా కూడి గుడి చరిత్ర రాయడానికి పూనుకున్నాక, సత్యదేవ్ అనుకున్న అర్థమే నిజమై కూచుంది. అందులో బోనెక్కాల్సి వచ్చినది మాత్రం గంట కొట్టే కాంతమణి.

కాంతమణికి డెబ్భై దాటాయి. గంటగోపురానికి ఆనుకుని ఉన్న ఒంటి గదిలో పుట్టింది. పెళ్లయి బన్సీలాల్‌పేట్ వెళ్లింది. రెండేళ్లకే మొగుడు పోతే మళ్లీ ఆ గదికే వచ్చింది. పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు. రోజుకు మూడుసార్లు త్రికాల జపానికి గంట కొట్టడం ఆమె పని. మూడు, మూడు, మూడు, ఆ తర్వాత వరసగా. ఎదుటి స్టీలు దుకాణంలో కూచునే భవాని ఆ పన్నెండు గంట వినే టిఫిన్ డబ్బా మూత తీస్తుంది. ఆమె పూజకు వచ్చే మనిషి కాదు, ఏసుప్రభువు ఎవరో కూడా అంతగా తెలీదు. అయినా ఆకలి విషయంలో కాంతమణి మాటే నమ్ముతుంది. నలభై ఏళ్లకు పైగా ఆ గంట ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు. ఈ సంగతి ఏ చరిత్రలోనూ ఎక్కదనుకోండి.

అంతకుముందు ఆ గంట తాడు వాళ్ల నాయన ఇన్నయ్య చేతిలో ఉండేది. గుంటూరు వైపు నుంచి బతకడానికి వచ్చిన మనిషి. ఒక్క అక్షరం రాదు. కానీ ఆయన చేసిన ఉద్యోగం ఒకటి కాదు. ఆ రోజుల్లో రైల్వే కూలీలు, పెద్దాసుపత్రిలో పురుడు పోసుకున్న తల్లులు, ఊరు కాని ఊరొచ్చిన చిన్న గుమాస్తాలు పిల్లల్ని ఎత్తుకుని జ్ఞానస్నానానికి వచ్చేవాళ్లు. జ్ఞానస్నానం తొట్టి దగ్గర బిడ్డను ఎత్తుకుని పూచీగా నిలబడడానికి ఒక జ్ఞానతండ్రి కావాలి కదా. వచ్చినవాళ్లకేమో ఈ ఊళ్లో చుట్టమూ లేడు, పక్కమూ లేడు. అప్పుడు ఇటలీ ఫాదరు తొట్టి దగ్గర్నుంచే “ఇన్నయ్యా!” అని కేకేసేవాడు. ఆయన తాడు వదిలేసి, చేతులు పంచెకు తుడుచుకుని, కొవ్వొత్తి పట్టుకుని వచ్చి నిలబడేవాడు. అలా నిలబడీ నిలబడీ సగం విచారణకు జ్ఞానతండ్రి అయ్యాడు. ప్రతి ఈస్టరుకూ తన జ్ఞానబిడ్డలందరికీ తలా ఒక మరమరాల ఉండ పెట్టేవాడు. ఇంట్లో కాంతమణికి మిగిలేవి డబ్బా అడుగున ఉన్న పొడీ, బెల్లం ముక్కలూ.

చరిత్ర కమిటీలో ఐదుగురున్నారు. నలుగురు ఫొటోలకు నిలబడతారు, ఒకాయన రాస్తాడు. ఆ రాసే ఆయన జోసెఫ్ ఉదయ్ భాస్కర్. బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాడు, సంఘపెద్దల్లో రెండో కుర్చీ ఆయనది. ఫైలు చూస్తే చాలు ఆయన మొహం వెలిగిపోతుంది. బీరువాలో చెదలు తినగా మిగిలిన జ్ఞానస్నానాల రిజిస్టర్లు దించి, దుమ్ము దులిపి, రెండు నెలలు కూచుని చదివాడు. అవన్నీ లాటిన్‌లో ఉన్నాయి. ఆయనకు లాటిన్ రాదు. ఆ చిన్న ఇబ్బంది ఆయన ఉత్సాహానికి అడ్డం రాలేదు.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం, పదిన్నర తెలుగు పూజ చివర్లో మైకు పట్టుకున్నాడు.

“మన విచారణ హిస్టరీల ఇంతవరకు ఎవ్వరికి తెల్వని ఒక మహానుభావుణ్ణి కనుక్కున్న,” అన్నాడు. “ఆయన పేరు ఐడెం దొర. పదిహేనేండ్లల్ల మూడొందలకు పైన పిల్లలకు జ్ఞానతండ్రి అయిండు. గరీబోళ్లు అనలే, కూలోళ్లు అనలే. పేజీ పేజీకి ఆయన పేరే! ఇంకో ఇటలీ దొర సుత ఉన్నడు, ఇగ్నేషియస్ కంపనారియస్ అని. ఆయన పేరు పేజీకొక్కసారే వస్తది. బహుశా ఐడెం దొరకు దోస్తు అయ్యుంటడు.”

ఫాదర్ మర్రెడ్డి పీఠం పక్కన కూచుని తల ఊపాడు. ఆయన ఈ విచారణకొచ్చి ఎనిమిది నెలలు. ఆయన చదివిన గురువిద్యాలయంలో లాటిన్ పాటలు పాడించారు గానీ అర్థాలు చెప్పలేదు.

“నేను సుత...” ఉదయ్ భాస్కర్ గొంతు బొంగురుపోయింది. “నేను సుత ఆ దొరకు జ్ఞానపుత్రుణ్ణే. రిజిస్టర్ల ఉన్నది. ఇంకా ఎవరెవరున్నరో అందరికి ఫోన్ జేసి చెప్పిన. జెర నిలబడండి.”

నలభై మందికి పైనే లేచారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా బెంచీ పట్టుకుని లేచారు. మూడో వరసలో ఒక రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ పమిట సర్దుకుని మరీ లేచింది. ఆవిడ ముక్కు కొంచెం పొడుగు. అది దొర పోలికేనేమో అన్నట్టు పక్కావిడ చూసింది. జ్ఞానతండ్రి పోలికలు ముక్కుకు రావని చెప్పేవాళ్లు ఆ రోజు గుళ్లో ఎవరూ లేరు. జనం చప్పట్లు కొట్టారు. గుమ్మం దగ్గర నిలబడ్డ కాంతమణి కూడా కొట్టింది. ఐడెం అనే పేరు ఆమె ఎన్నడూ వినలేదు. ఇంతమందిని ఎత్తుకున్న దొర తనకు తెలీకుండా ఈ గుళ్లో ఎప్పుడు తిరిగాడా అని మాత్రం కొంచెం ఆశ్చర్యపోయింది.

ఇక ఐడెం దొరకు పట్టపగ్గాల్లేవు. సావనీర్‌లో ఆయనకు ఆరు పేజీలు కేటాయించారు. ఫొటో కావాలి కదా అని పాత గ్రూపు ఫొటోలోంచి ఒక గడ్డం పెద్దమనిషిని కత్తిరించి పెద్దది చేయించారు. ఆ గడ్డమాయన గోవా నుంచి హార్మోనియం పెట్టె బాగుచేయడానికొచ్చి, సగం చేసి వెళ్లిపోయిన మనిషని కాంతమణికి తెలుసు. ఎవరైనా అడిగితే చెప్పేదే. ఎవరూ అడగలేదు. అదే ఫొటోలో చివర తాడు పట్టుకుని నిలబడ్డ ఇన్నయ్య కత్తెరకు పోయాడు. చివరికి దొర పేరు మీద ఒక హాలు కట్టాలని తీర్మానం చేశారు. ‘ఐడెం దొర స్మారక మందిరం’ అని చెక్కమని రాళ్లు చెక్కే రాములుకు నల్లరాయి కూడా అప్పజెప్పారు. బిషప్ గారు వచ్చి శంకుస్థాపన చేయడానికి తేదీ ఖాయమైంది.

హాలుకు జాగా కావాలి. ఒక పక్క బడి, ఒక పక్క స్కూటర్లు. మిగిలింది గంటగోపురం పక్క గది.

కాంతమణికి ఉత్తరం వచ్చింది. ఆమె ఉండేది గుమ్మానికి పది అడుగుల దూరంలో. అయినా కవర్లో పెట్టి, అంటించి, పైన ‘శ్రీమతి’ అని రాసి ఇచ్చారు. జీవితంలో ఆమెకు శ్రీమతి అని ఎవరైనా రాయడం అదే మొదలు. స్మారక మందిర నిర్మాణం నిమిత్తం సదరు గదిని ఈ నెలాఖరులోగా ఖాళీ చేయవలసిందనీ, ఊరి బయట సిస్టర్లు నడిపే వృద్ధాశ్రమంలో ఆమెకు మంచం మాట్లాడామనీ, ఇకపై గంటకు కరెంటు మోటారు బిగిస్తామనీ, ఇన్నేళ్ల సేవకు సంఘం కృతజ్ఞతలు తెలుపుతోందనీ అందులో ఉంది. కాంతమణి ఐదో తరగతి వరకు చదివింది. రెండుసార్లు చదువుకుంది. తర్వాత గది మధ్యలో నిలబడి నాలుగు గోడలూ చూసింది. నాయన అందులో ఒక గోడకే ఒరిగి ప్రాణం వదిలాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేదు, పావు తక్కువ పన్నెండు. ముఖం తుడుచుకుని తాడు దగ్గరికి వెళ్లింది.

మర్నాడు ఆఫీసు గది తుడవడానికి వెళితే, బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. ఉదయ్ భాస్కర్ భూతద్దం పట్టుకుని ఏదో రాసుకుంటున్నాడు. కాంతమణి బల్ల తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. పేజీలో పై నుంచి కింది దాకా ఒకే మాట, ఒకే వంకర రాత.

ఆ మాట ఆమెకు తెలుసు. ఆమె ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, ఫాదరు లేని సమయం చూసి ఇన్నయ్య ఆమెను ఈ బల్ల దగ్గరికే తీసుకొచ్చి ఆ మాట మీద వేలు పెట్టాడు. ‘నా పేరెక్కడ అని ఫాదర్ని అడిగినా తల్లీ. నవ్వి ఇది చూపెట్టాడు. ఇదెం. ఇదెం అంటే నువ్వే ఇన్నయ్యా అన్నాడు,’ అని చెప్పాడు. అక్షరం రాని మనిషి ఆ ఒక్క మాట మాత్రం గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. ఇంట్లో అమ్మ లూర్దమ్మ సరసానికి “ఇదెం గారూ, అన్నానికి లేవండి” అని పిలిచేది. 

“సార్,” అంది కాంతమణి. “గిది మా నాయన.”

“ఏది?”

“గిదే. ఇదెం. ఇదెం అంటే మా నాయన ఇన్నయ్య.”

ఉదయ్ భాస్కర్ భూతద్దంలోంచే ఆమె వైపు చూశాడు. కన్ను పెద్దగా కనబడింది.

“కాంతమ్మా, ఇది లాటిన్. ఐడెం అనాలె. మీ నాయన పేరు ఇన్నయ్య. ఐడెం ఏంది, ఇన్నయ్య ఏంది? గది ఖాళీ చెయ్యాలెనని నీకు తక్లీఫ్ అయితున్నది, నాకు తెల్సు. గట్లని గిట్ల కథలు చెప్తే ఎట్ల?”

“కథ గాదు సార్. మీకు సుత మా నాయననే నిలబడ్డడు. ఈస్టర్‌కు మరమరాల ఉండ ఇస్తే మీరు రెండోది అడిగెటోళ్లు.”

ఆయన మొహం ఎర్రబడింది. “పనేమన్న ఉంటే చూస్కో పో,” అని రిజిస్టరు మూసేశాడు. దొర కొడుకు లాంటివాణ్ణని నిండు గుళ్లో గొంతు బొంగురు పోయేలా చెప్పుకున్నవాడు, గంట కొట్టేవాడి చేతిలో ఉండ తిన్నానని ఎలా ఒప్పుకుంటాడు?

కాంతమణి సాయంత్రం గంట కొట్టి సరాసరి ఫాదర్ మర్రెడ్డి దగ్గరికి వెళ్లింది. గది గురించి ఒక్క మాట అడగలేదు. “ఫాదర్, మా నాయన పేరు దీసి దొరకు ఇచ్చిండ్రు. మీరైతే సదువుకున్నోళ్లు, జెర చూడుండ్రి,” అంది.

“కూర్చోమ్మా,” అన్నాడాయన. ముసలామె మనసు నొప్పించడం ఎందుకని ఫోను తీశాడు. రిజిస్టరు తెప్పించి ఆ నాలుగు అక్షరాలు కొట్టాడు. చదివాడు. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ చదివాడు. పేజీ పైన ఉన్న ఇగ్నేషియస్ కంపనారియస్‌ను కూడా కొట్టి చూశాడు.

“అయ్యో దేవుడా,” అన్నాడు. “కంపనారియస్ అంటే ఇంటి పేరు కాదమ్మా. గంట కొట్టేవాడు అని. ఇగ్నేషియస్ అంటే ఇన్నాసి. మన ఇన్నయ్యే. పేజీ పైన ఒకసారి పేరు రాసి, కింద వరసలన్నిట్లో ఇదెం అని రాసుకుంటూ పోయారు.”

“ఇదెం అంటే ఏంది ఫాదర్?”

“ఇదెం అంటే... అదే. పైన రాసిన ఆయనే. మళ్లీ ఆయనే, మళ్లీ ఆయనే అని.”

“నేను చెప్పింది సుత అదే గద ఫాదర్,” అంది కాంతమణి. ఆమెకు ఇందులో కొత్త ఏమిటో అర్థం కాలేదు.

ఫాదర్ సంఘపెద్దల్ని అత్యవసరంగా పిలిచాడు. విషయం విని వాళ్లు చాలాసేపు ఫ్యాను వైపు చూశారు. తర్వాత ఒక్కొక్కరే నోరు విప్పారు. ఆహ్వానాలు సత్యదేవ్ దగ్గర అచ్చయిపోయాయి. రాములు రాయి చెక్కేశాడు. బిషప్ గారికి ఐడెం దొర మీద ఆరు పేజీలు ముందే పంపారు, ఆయన మెచ్చుకుంటూ జవాబు కూడా రాశారు. ఇప్పుడు దొర లేడంటే మన విచారణ పరువేం కావాలి? “పోనీ దొర ఉన్నాడనే అనుకుందాం, ఎవరికి నష్టం?” అని ఒక పెద్ద చాలా ఉదారంగా అన్నాడు. ఉదయ్ భాస్కర్ మాత్రం ఎదురుగా ఉన్న నీళ్ల గ్లాసును అటూ ఇటూ జరుపుతూ కూచున్నాడు. ఇన్నయ్యకు హాలెందుకన్న మాట పైకి ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరం లేకుండానే అందరికీ వినిపించింది.

మర్రెడ్డికి కోపం వచ్చింది. “గుళ్లో మైకులో చెప్పిన తప్పు గుళ్లో మైకులోనే దిద్దుకోవాలి,” అని లేచిపోయాడు.

వచ్చిన ఆదివారం పదిన్నర పూజ చివర, జనమంతా ప్రకటనల కోసం కూచున్నాక, ఫాదర్ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇదెం అంటే అదే అని, ఆ అదే ఎవరో కాదు, ఈ గుడిలో ముప్పై ఏళ్లు గంట కొట్టిన ఇన్నయ్య అని చెప్పాడు. లాటిన్ రాకపోయినా తల ఊపినందుకు తన తప్పూ ఒప్పుకున్నాడు. చివర్న, “ఇన్నయ్య గారి జ్ఞానబిడ్డలు ఒకసారి నిలబడండి,” అన్నాడు.

ఎవరూ లేవలేదు.

దగ్గులు వినిపించాయి. మొన్న పమిట సర్దుకుని లేచిన హెడ్మిస్ట్రెస్ ఇవాళ చేతిసంచిలో కళ్లజోడు కోసం వెతుకుతోంది. కళ్లజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది. మోకాళ్ల నొప్పులవాళ్లకు ఆ నొప్పి ఇవాళే గుర్తొచ్చింది. మొదటి వరసలో ఉదయ్ భాస్కర్ పాటల పుస్తకం తెరిచి, తలకిందులుగా పట్టుకుని, శ్రద్ధగా చదువుతున్నాడు. ఫాదర్ మర్రెడ్డి మైకు ముందు నిలబడే ఉన్నాడు.

గుమ్మం దగ్గర నిలబడి కాంతమణి అంతా చూసింది. మొదట ఒళ్లు మండింది. తన నాయన మోచేతి మీద పడుకోబెట్టుకున్న తలలే అవన్నీ. ఆ తలలు ఇప్పుడు ఒక్కటీ పైకి లేవడం లేదు. తర్వాత, ఎందుకో, వాళ్ల మీద జాలేసింది. సిగ్గుతో కూచుండిపోయిన పిల్లల్ని చూస్తే పెద్దవాళ్లకు కలిగే జాలి అది. పాపం, ఎవరో ఒకరు పిలవకపోతే సాయంత్రం దాకా అలాగే కూచుండేలా ఉన్నారు.

ఆమె చెప్పులు విడిచి గోపురంలోకి వెళ్లింది. తాడు అందుకుంది.

మూడు కొట్టింది.

త్రికాల జపం గంట పడితే కూచున్నవాడు కూచోకూడదు. మామూలు రోజుల్లో మోకరించాలి. ఆదివారం అయితే నిలబడాలి. పాలు మరవకముందు నేర్చిన అలవాటది. మొదటి గంటకే బెంచీలు కిర్రుమన్నాయి. రెండో గంటకు వెనక వరసలు లేచాయి. మూడో గంటకు మోకాళ్ల నొప్పులవాళ్లు, హెడ్మిస్ట్రెస్, పాటల పుస్తకం చంకలో పెట్టుకుని ఉదయ్ భాస్కర్, గుడి గుడంతా లేచి నిలబడింది. ఇన్నయ్య గారి జ్ఞానబిడ్డలు ఒక్కరు మిగలకుండా నిలబడ్డారు. ఫాదర్ మర్రెడ్డికి నవ్వూ కన్నీళ్లూ ఒకేసారి వచ్చాయి. గోపురంలో ఉన్న కాంతమణికి లోపలి సంగతి కనబడదు. అయినా ఆ బెంచీల చప్పుడు ఆమెకు తెలుసు. మూడు, మూడు, మూడు పూర్తిచేసి, వరస గంటలు మామూలు కంటే కొంచెం ఎక్కువే కొట్టింది. 

ఎదుటి దుకాణంలో భవాని టిఫిన్ డబ్బా మూత తీసి, గోడ గడియారం చూసి, గడియారానికి బ్యాటరీ అయిపోయిందనుకుంది.

జపం అయ్యాక జనం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా బయటికొచ్చారు. కొందరు గోపురం దగ్గర ఆగి, గది తలుపు మీద చెయ్యి వేసి వెళ్లిపోయారు. ఆ మంగళవారం సంఘపెద్దలు మళ్లీ కూచుని, హాలు స్కూటర్లు పెట్టే జాగాలో కట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. కారణం మాత్రం ‘గాలి, వెలుతురు దృష్ట్యా’ అని రాసుకున్నారు. నల్లరాయి వృథా కాకూడదు కాబట్టి ఐడెం దొర అలాగే ఉండిపోయాడు. కింద కాస్త ఖాళీ ఉంటే రాములు చేత చిన్న అక్షరాలతో ‘అనగా ఇన్నయ్య’ అని చెక్కించారు. బిషప్ గారు వచ్చినప్పుడు పూలదండ సరిగ్గా ఆ చిన్న అక్షరాల మీదే పడింది.

అయితే ఇదంతా తర్వాతి మాట. ఆ ఆదివారం జనమంతా వెళ్లాక, కాంతమణి గది ముందు కూచుని తాడు ఒరుసుకున్న అరచేతులకు కొబ్బరినూనె రాసుకుంటుంటే, ఉదయ్ భాస్కర్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఎండ మాడుతోంది. వాచీ చూసుకున్నాడు. మళ్లీ చూసుకున్నాడు. అప్పటికి కూడా పన్నెండు కాలేదు.

“అరగంట ముందుగాలనే కొట్టినవ్,” అన్నాడు, కౌంటర్లో ఎవరిదో తప్పు పట్టుకున్న మేనేజరులాగానే. కాంతమణి తల వంచుకుంది. నలభై ఏళ్లలో మొదటి తప్పు. తిట్టు కోసం ఎదురుచూసింది.

ఆయన వాచీ మీదికి చొక్కా చెయ్యి లాక్కున్నాడు.

“రెండోది నాకెప్పుడు ఇయ్యలే మీ నాయన... అక్కా,” అన్నాడు.

కాంతమణి లేచి, గదిలోకి వెళ్లి, మరమరాల ఉండల డబ్బా మూత తీసింది.